దవాఖానా చీటీలో కండకు చోటివ్వండి: నిజామాబాద్ జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిజామాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,



మన జిల్లాలో షుగర్ ఉన్నట్టు తేలిన మనిషికి దవాఖానాలో మూడు మాటలు చెబుతారు. గోలీలు తప్పకుండా వేసుకోవాలి, తీపి మానెయ్యాలి, పొద్దున్నే నడవాలి. మూడూ మంచి మాటలే. వాటిలో ఒక్కదాన్నీ తీసెయ్యమని నేను అడగడం లేదు. నాలుగో మాట ఒకటి ఉంది, అది చీటీ మీదికి రావడం లేదు. ఉన్న కండను పోనివ్వకూడదు, వీలైతే పెంచుకోవాలి. యాభై దాటిన ఆడమనిషికి ఈ సంగతి చెప్పే డాక్టర్లు తక్కువ. చెప్పినా, ఎలా చెయ్యాలో చూపించేవాళ్లూ లేరు, చేసే చోటూ లేదు. ఆరోగ్య శాఖ, మహిళా సంఘాలు, పంచాయతీలు, కార్మిక శాఖ, క్రీడా శాఖ అన్నీ ఒక బల్ల ముందు కూర్చునేది మీ దగ్గరే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజ్ ఎక్కడో ఒకచోటికి చేరాలి. ఇన్సులిన్ పనిచేస్తున్నప్పుడు దాన్ని అన్నిటికంటే ఎక్కువగా లోపలికి తీసుకునేవి కండరాలు. నరం ద్వారా ఇన్సులిన్ ఎక్కిస్తూ, రక్తంలో గ్లూకోజ్ మట్టం కదలకుండా నిలిపి కొలిచే పద్ధతి ఒకటుంది. రాల్ఫ్ డిఫ్రాంజో బృందం ఆ పద్ధతిలో కొలిచినప్పుడు, ఒంట్లో వినియోగమైన గ్లూకోజ్‌లో సుమారు 80 శాతం కండరాల్లోకే వెళ్లింది. మామూలు భోజనం తర్వాత కాలేయం కూడా పెద్ద వాటా తీసుకుంటుంది కాబట్టి కండరం వాటా అంత ఉండదు. అయినా నిలవ చేసుకునే చోటు కండరంలోనే ఎక్కువ. పెద్దవాళ్ల కాలేయంలో గ్లైకోజన్ రూపంలో దాదాపు 100 గ్రాములు పడితే, ఒంట్లోని కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా పడుతుంది.

ధాన్యం కొనుగోళ్ల కాలంలో మీరు రోజూ చూసేదే ఇది. మిల్లు దించుకోకపోతే లారీ కదలదు, లారీ కదలకపోతే కొనుగోలు కేంద్రంలో జాగా ఉండదు, వడ్లు రోడ్డు మీదికి వస్తాయి. ఆ రాశిని చూసి, ఎందుకింత పండించావని రైతును ఎవరూ నిలదీయరు. దించుకునే చోటు ఎందుకు లేదని అడుగుతారు. రక్తంలో రాశి పడ్డ గ్లూకోజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం తిండి ఒక్కదాన్నే తప్పుపడుతున్నాం.

కండరం తీసుకోనప్పుడు ఆ గ్లూకోజ్ ఊరికే ఉండదు. యేల్ విశ్వవిద్యాలయంలో గెరాల్డ్ షుల్మన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. సన్నగా, వయసులో, పైకి ఏ రోగమూ లేకుండా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. వాళ్లలో కండరం ఇన్సులిన్ మాట వినని వాళ్లకు, తిన్న పిండిపదార్థం కండరంలో గ్లైకోజన్‌గా చేరడం తగ్గి, కాలేయంలో కొవ్వుగా మారడం పెరిగింది. స్కానింగ్‌లో ‘ఫ్యాటీ లివర్’ అని రాసిచ్చిన కాగితం పట్టుకుని, నేను మందు ముట్టను కదా, ఇదెలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లు మన ఊళ్లో ఎంతమందో. కథ చాలామందికి కాలేయంలో కాదు, తొడల్లో మొదలై ఉండవచ్చు.

ఇందులో ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. కండరపు కణాల్లో గ్లూట్‌4 అనే ప్రొటీన్ ఉంటుంది. గ్లూకోజ్‌ను లోపలికి పంపే ద్వారం అదే. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే అది కణం అంచుకు వస్తుంది. కండరం గట్టిగా బిగుసుకున్నా వస్తుంది, అప్పుడు ఇన్సులిన్‌తో పని లేదు. అంటే ఇన్సులిన్ సరిగా పనిచేయని షుగర్ రోగిలో కూడా, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే ఆ దారి తెరుచుకుంటుంది. సరిపడా వ్యాయామం చేస్తే, ఇన్సులిన్ పనితీరులో వచ్చే మేలు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. కండ పెరిగితే చోటూ పెరుగుతుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. కండ ఉంటే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని జిమ్‌లలో చెబుతుంటారు. ఒక కిలో కండ విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 13 కేలరీలే. దానితో ఎవరి పొట్టా తగ్గదు. కండ విలువ గ్లూకోజ్‌ను తీసుకోవడంలో ఉంది, ముసలితనంలో మనిషిని లేపి నిలబెట్టడంలో ఉంది. జనానికి ఆ నిజం చెబితే చాలు, పెంచి చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు. ఎత్తుకు తగ్గ బరువు సూచీ ఇద్దరికీ 22.3. లెక్క ప్రకారం ఇద్దరూ మామూలు బరువే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు యంత్రం కొవ్వునూ కండనూ వేరుచేసి చూపించదు. మన ఉపకేంద్రాల్లో ‘బరువు సరిగానే ఉంది’ అనిపించుకుని ఇంటికి వెళ్తున్న మనుషుల్లో, కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట ఒక్కటే ముందుకు వచ్చినవాళ్లు ఎందరో మీరు షుగర్, బీపీ లాంటి అంటని జబ్బులకు పరీక్షలు చేసే ఒక ఎన్‌సీడీ శిబిరంలో అరగంట నిలబడితే కనిపిస్తారు. దేశం మొత్తంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు అని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. ఆ అంచున ఉన్నవాళ్ల కోసమే నా ఆత్రం.

ఈ జిల్లాలో ఒళ్లు కష్టపడే తీరు రెండు తరాల్లో తలకిందులైంది. 1931కి నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు పారాయి, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడింది. చెరకు కొట్టాలి, ఆకు దూయాలి, మోపు కట్టాలి, నెత్తికెత్తుకుని బండి దాకా మోయాలి. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతబడింది. చెరకు తోటలు చాలావరకు వరి మళ్లయ్యాయి. ఆ వరిని ఇప్పుడు మిషన్ కోస్తుంది. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు బరువులు మోసి వచ్చినవాళ్లు ఇక్కడ ఇంటి ముందు కుర్చీలో కూర్చున్నారు. పాత కష్టం తిరిగి రావాలని నేను కోరను. ఆ మోపుల కింద నడుములు విరిగాయి, ఆ కూలికి కడుపులు నిండలేదు. ఆ పని పోయినప్పుడు దానితోపాటు కండకు దొరికే పని కూడా పోయింది, దాని చోట మనం ఏమీ పెట్టలేదు. నేను చెప్పేది అంతే.

బీడీల సంగతి విడిగా చెప్పాలి. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ చుట్టూ ఏ వాడకట్టులోకి వెళ్లినా అరుగు మీద, రేకుల కింద, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు నానబెట్టి, కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టాలి. వేళ్లు ఆగవు, మిగతా ఒళ్లు కదలదు. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా వాటికి పని లేదు. కూలి వెయ్యి బీడీల లెక్క. షుగర్ వచ్చిందని తెలిసినవాళ్లను నడుస్తున్నారా అని అడిగితే, “నడువుమంటరు గని, వెయ్యి బీడీలు ఎవరు జేస్తరు?” అంటారు. దీనికి జవాబు చెప్పకుండా నడవమనడం న్యాయం కాదు.

జవాబులో సగం ఇప్పటికే ఉంది. మెల్‌బోర్న్‌లోని బేకర్ సంస్థ పరిశోధకులు టైప్ 2 షుగర్ ఉన్న 24 మందితో చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. ఒక రోజు వాళ్లను 8 గంటలు కూర్చోబెట్టారు. ఇంకో రోజు అరగంటకోసారి 3 నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. మరో రోజు అదే 3 నిమిషాల్లో నిలబడిన చోటనే సగం గుంజీలు తీయించారు, మడమలు లేపించారు, మోకాళ్లు ఎత్తించారు. ఊరికే కూర్చున్న రోజుతో పోలిస్తే, భోజనం తర్వాత రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ ఈ రెండు రోజుల్లోనూ బాగా తగ్గాయి. చెప్పులేసుకుని బయటికి వెళ్లక్కర్లేదు, చేట పక్కన పెట్టి లేచి నిలబడితే చాలన్నమాట.

మిగతా సగం కూలి గురించి. అరగంటకు 3 నిమిషాలంటే రోజులో పదో వంతు. ముక్కల లెక్కన కూలి తీసుకునే మనిషికి అది బీడీల్లో పదో వంతు. ఆ నష్టాన్ని ఆమె ఒక్కతే భరించాలని అనే హక్కు ఎవరికీ లేదు. బీడీ కంపెనీలను, కార్మిక సంఘాలను, కార్మిక శాఖను కూర్చోబెట్టి ఈ 3 నిమిషాల ఖర్చు ఎవరిదో తేల్చండి. అది తేలేదాకా కార్ఖానాల దగ్గర మొదలుపెట్టవచ్చు. బీడీలు అప్పజెప్పి, లెక్క రాయించుకుని, ఆకూ జర్దా తీసుకునే దాకా అక్కడ ఎదురుచూసే సమయం ఉంటుంది. ఒక ఆశ కార్యకర్త ఆ సమయంలో నేర్పితే ఎవరి కూలీ పోదు.

నడక చాలదా అని మీ వైద్యాధికారులు అడగవచ్చు. అమెరికాలోని లూసియానాలో 262 మంది షుగర్ రోగులతో 9 నెలలు సాగిన ప్రయోగం 2010లో వెలువడింది. కొందరు నడక, కొందరు బరువులు, కొందరు రెండూ. పట్టిన సమయం దాదాపు సమానం. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ నికరంగా తగ్గింది రెండూ కలిపి చేసినవాళ్లకే, 0.34 పాయింట్లు. పెద్ద తగ్గుదల కాదు, గోలీలు మాన్పించేంత అసలే కాదు. కానీ నడక సమయంలోంచే కొంత తీసి బలానికి ఇస్తే వచ్చిన లాభం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు కండ బలపడే వ్యాయామం చెయ్యాలని ఉంది. మనం ఆ వాక్యంలో మొదటి సగమే ఊళ్లకు చేరవేశాం. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. వాటిలో ఒకటైన మౌంజారో 2025 మార్చిలో మన మార్కెట్‌లోకి దిగింది. వాటితో తగ్గే బరువులో కొంత కండ కూడా ఉంటుంది, అందుకని అవి వాడేవాళ్లకు ఈ మాట ఇంకా అవసరం.

వయసు అడ్డం కాదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా పోతుంది. 1990లో మరియా ఫియాటరోన్ అనే డాక్టర్ బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వాళ్ల చేత 8 వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగేది యాభైలో, అరవైలో ఎందుకు పెరగదు?

బలానికి ఈ జిల్లా కొత్త కాదు. బోధన్ వైపు ఊళ్లలో జాతరలకు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. అక్కడ ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ చోటు లేదు. కానీ నిజామాబాద్ మైదానాల్లోనే ఆట మొదలుపెట్టిన బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. పాకాల గ్రామం నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్ల ఫొటోలు మన చౌరస్తాల్లో పెట్టుకున్నాం. వాళ్ల తల్లుల వయసున్న ఆడవాళ్లు పది కిలోల బియ్యం సంచి ఎత్తబోతే మాత్రం, ‘నీకెందుకు, పక్కన పెట్టు’ అంటాం. ఆ ప్రేమ వాళ్లకు చేటు చేస్తోందని గట్టిగా నమ్ముతున్నాను.

ఇక నేను అడిగేవి. ఎన్‌సీడీ పరీక్షల రోజున బీపీ, షుగర్, బరువు చూస్తున్నారు. వాటి పక్కన ఇంకో గడి గీయించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? దీనికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. అమెరికా సీడీసీ పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల స్త్రీ 12 కంటే తక్కువసార్లు, పురుషుడు 14 కంటే తక్కువసార్లు లేస్తే బలం తగ్గినట్టు. పిడికిలి బలం కొలిచే పరికరం 2013లో మొదలైన మన ప్రభుత్వ వైద్య కళాశాల ద్వారా మండలానికొకటి తెప్పించవచ్చు. మన దేశంతో కలిపి 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2015లో ఒక సంగతి తేల్చింది. పిడికిలి బలం 5 కిలోలు తక్కువైన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువ కనిపించింది. ఇంత చెప్పే కొలతను మనం తీసుకోకపోవడం బాధగా ఉంది.

కొలిచాక నేర్పాలి. మహిళా సంఘం సమావేశం జరిగే చోటే, పొదుపు లెక్కలు అయ్యాక 20 నిమిషాలు. కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులానించి దండీలు, మడమలు లేపడం, పాత సైకిల్ ట్యూబును కిటికీ చువ్వకు కట్టి రెండు చేతులతో లాగడం. పైసా ఖర్చు లేదు. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పించాలి: నెల దాటినా అదే సులువుగా చేస్తూ ఉంటే కండ పెరగదు. చివరి రెండు మూడు కష్టం అనిపించాలి, అవి కూడా సులువైతే ఇంకొంచెం బరువు కలపాలి. ఇది చాలా శిబిరాల్లో వదిలేసే సంగతి. చేసే చోటు సంగతికొస్తే, 2022లో ఊళ్లలో మొదలైన క్రీడా ప్రాంగణాల్లో కొన్నింటిలో గడ్డి పెరిగి బోర్డు మాత్రమే మిగిలింది. వాటిని బాగు చేయించి, పొద్దున ఒక గంట ఆడవాళ్లకే ఇప్పించండి. చూసేవాళ్లు ఉంటే మన ఆడవాళ్లు గుంజీలు తియ్యరు.

జాగ్రత్తలు కూడా సిబ్బందికి తెలియాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు గానీ వాడేవాళ్లకు శ్రమ తర్వాత షుగర్ పడిపోవచ్చు. తినకుండా చేయించకూడదు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. షుగర్ వల్ల కంటి వెనక పొర బాగా దెబ్బతిన్నవాళ్లు, కాలిపుండు ఉన్నవాళ్లు, గుండెనొప్పి వచ్చేవాళ్లు డాక్టరు చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి.

తిండి లేకుండా కండ రాదు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నాయి. 50 కిలోల మనిషికి 42 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, చారెడు పప్పులో 7. పచ్చిపులుసు, తొక్కుతో అన్నం ముగించే పూటల్లో ఈ లెక్క కుదరదు. రేషన్‌లో బియ్యం పక్కన పప్పు పెట్టించడం మీ పరిధిలోది కాదని తెలుసు. కానీ మన బోధన్ వైపు పొలాల్లో సోయా పండుతుంది. బరువులో మూడో వంతుకు పైగా ప్రొటీన్ ఉండే గింజ నూనె మిల్లులకు వెళ్లిపోతుంది, పండించిన ఇంట్లో వండరు. జొన్నరొట్టె పిండిలో నాలుగో వంతు సోయాపిండి కలిపి, ఆ రొట్టెల రుచి సంఘం సమావేశంలోనే చూపించమని చెప్పండి. సోయాను వేయించి గానీ ఉడికించి గానీ వాడాలి, పచ్చిగా పనికిరాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచేముందు డాక్టర్ని అడగాలి. జిమ్‌లకు వెళ్లే కుర్రవాళ్లకు డబ్బాల పొడులు, ఊరూపేరూ లేని ఇంజెక్షన్లు అమ్మేవాళ్ల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల కన్ను ఉంచండి.

జిల్లా అంతా ఒకేసారి వద్దు. బోధన్, ఎడపల్లి, నవీపేట మండలాల్లో బీడీలు ఎక్కువగా చేసే మూడు ఊళ్లు ఎంచుకోండి. మొదటి వారంలోనే హెచ్‌బీఏ1సీ, 30 సెకన్ల కుర్చీ లెక్క తీయించి, వైద్య కళాశాల విద్యార్థుల చేత రాయించి పెట్టండి. ఆరు నెలల తర్వాత అవే రెండు అంకెలు మళ్లీ తీయించి, పేర్లు లేకుండా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. పెరిగినా తగ్గినా ఉన్నది ఉన్నట్టు అంటించండి. నగరంలో మా డివిజన్‌లో కూడా ఇలాంటిది ఒకటి మొదలుపెడితే కుర్చీలు, చోటు, పొద్దున ఆరింటికి తలుపు తీసే మనిషి మా బాధ్యత.

ఇట్లు,
నిజామాబాద్ నగర పౌరుడు